వేటకీ వంటకీ మధ్య

మన వీధుల్లో తరచు వినబడే తమిళ సామెత ఒకటుంది. "కొన్ఱాల్ పావం, తిన్ఱాల్ పోచ్చు." చంపితే పాపం, తింటే పోయింది అని. మన తెలుగు ఇళ్ళలోనూ ఈ మాట ఉన్నదే. చిన్నప్పటి నుంచీ వింటున్నది గనక దాన్ని గురించి ఆలోచించిన పాపాన పోలేదు. తీరా ఆలోచిస్తే అందులో ఒక క్రియ తక్కువయిందనిపించింది. చంపడం అడవిలో జరుగుతుంది. తినడం ఇంట్లో జరుగుతుంది. రెంటికీ నడుమ ఆమడల దారి. కొండ దిగాలి, ఏరు దాటాలి, ముళ్ళపొదలు తప్పించుకోవాలి, చీకటి పడకముందే ఊరు చేరాలి. ఆ దారిన మాంసం మోసుకొచ్చిందెవరు? సామెత చెప్పదు. సామెతే కాదు, మన కావ్యాలూ చరిత్రలూ కూడా బాణం వేసినవాణ్ణి పొగిడాయి, విందును వర్ణించాయి, మోసినవాణ్ణి మాత్రం దారిలోనే వదిలేశాయి.

మనలిలో కూర్చుని అడవి వేట సంగతులేమిటని మీరు నవ్వవచ్చు. నిజమే. 1969లో చమురు శుద్ధి మొదలయిన నాటి నుంచీ మా ఊరంటే పొగగొట్టాలే గుర్తుకొస్తాయి. 2011లో చెన్నై కార్పొరేషనులో కలిసిపోయాక ఊరన్న పేరు కూడా సగం పోయింది. కాని ఒక్కసారి పటం ముందు పెట్టుకుని చూడండి. మాకు తూర్పున బకింగ్‌హాం కాలువ, దాని అవతల తిరువొత్తియూరు. ఉత్తరాన ఎన్నూరు, అత్తిపట్టు ఉప్పు మడులు. ఇంకా పైకి పొన్నేరి, పులికాటు సరస్సు, శ్రీహరికోట. వాయవ్యంగా సుమారు వంద కిలోమీటర్లు పోతే స్వర్ణముఖి ఒడ్డున శ్రీకాళహస్తి. అడవి మాంసం కథలో ఉప్పుంది, కాలువ ఉంది, కాళహస్తి ఉంది. మా ఊరు ఆ కథకు వాకిట్లోనే ఉంది.

ముందు బరువు లెక్క చూద్దాం. ఎదిగిన చుక్కల దుప్పి డెబ్బయి ఎనభై కిలోలు తూగుతుంది. అడవిపంది నూరు కిలోల దాకా పోతుంది. కణుజు పోతు అయితే రెండు వందల యాభై కిలోలు దాటడం వింత కాదు. చర్మం, ఎముకలు, పేగులు తీసేసినా కణుజులో నూరు కిలోల పైన మాంసం మిగులుతుంది. కొండదారిలో ఒక మనిషి కావడి మీద పాతిక ముప్ఫై కిలోలు మించి దూరం మోయలేడు. అంటే ఒక్క బాణానికి నాలుగైదు కావళ్ళు కావాలి. పందినో దుప్పినో అయితే కాళ్ళు కట్టి, నడుమ ఒక బలమైన కర్ర దూర్చి, ముందొకరు వెనకొకరు భుజాన వేసుకుని రావచ్చు. ఎటు చూసినా పెద్ద మృగాన్ని పడగొట్టినవాడు ఒంటరిగా ఇంటికి తెచ్చుకోలేడు. ఒంటరిగా తెచ్చుకోలేనిది ఒంటరిగా తినడానికీ వీల్లేదు. అడవి జాతుల్లో వేటను అందరూ పంచుకుంటారని పుస్తకాలు రాసినవాళ్ళు దాన్ని మంచితనంగా పొగిడారు. మంచితనం ఉండే ఉంటుంది. దాని అడుగున ఈ బరువు లెక్క కూడా ఉంది. మోసిన భుజానికి పాలు ఇవ్వక తప్పదు.

బరువు ఒక చిక్కయితే ఎండ ఇంకో చిక్కు. మన దేశపు వేడికి చంపిన మృగం పూట గడవకముందే పాడవడం మొదలుపెడుతుంది. అందుకే పడిన చోటనే పొట్ట చీల్చి పేగులు తీసేస్తారు. నీడ చూసి, గాలి ఆడేలా పెడతారు. ముక్కలు చేసి ఆకుల్లో చుట్టి తట్టకెత్తుతారు. ఊరు మరీ దూరమైతే అక్కడే నెగడు వేసి, సన్నటి చీలికలుగా కోసి, పొగ మీదా ఎండలోనూ ఆరబెడతారు. నీరు ఇంకితే బరువు తగ్గుతుంది, పురుగు పట్టదు. ఇద్దరు మోసేది ఒకడు మోస్తాడు. ఉత్తర అమెరికాలో క్రీ మొదలైన ఆదివాసులు అడవిదున్న మాంసాన్ని ఇలాగే ఎండబెట్టి, దంచి, కొవ్వు కలిపి పెమ్మికన్ అని చేసుకునేవారు. ఆ దేశపు తోళ్ళ వ్యాపారమంతా ఆ తిండి మీద నడిచింది. అక్కడి చలికీ ఇక్కడి ఎండకీ పోలిక లేకపోయినా మోసేవాడి ఆలోచన ఒక్కటే. మాంసం అడవి దాటాలంటే ముందు దానిలోని నీళ్ళు దాటిపోవాలి.

ఎండిన మాంసానికి మన మాటలు చూడండి. అమరకోశంలో వల్లూరం ఉంది. తెలంగాణలో ఒట్టి తునకలు అంటారు. కొన్నిచోట్ల ఒరుగులు అంటారు. ఇక్కడ మన ఇళ్ళలో ఉప్పుకండం అంటే తమిళులకూ అర్థమవుతుంది, వాళ్ళదీ అదే మాట. నేటి ఉప్పుకండం మేకది. మాట పాతది, మృగమే మారింది. కోస్తా జిల్లాల్లో మాంసం కొట్టుకు వెళ్ళి "వేట మాంసం" అడిగితే మేక మాంసమే కోసి ఇస్తారు. అది వేటు నుంచి వచ్చిందో వేట నుంచి వచ్చిందో పండితులు తేల్చుకోవాలి గాని, వినేవాడి చెవిలో మాత్రం ఒక అడవి మెదులుతూనే ఉంటుంది.

అడవి నుంచి మాంసం మోసుకొచ్చిన మనిషిని మన సాహిత్యం ఎక్కడా చూడనేలేదా అంటే, ఒక్కచోట చూసింది. అదీ మనకు దగ్గర్లోనే. ఆయన తిన్నడు, కన్నప్ప. పన్నెండో శతాబ్దంలో కున్ఱత్తూరు సేక్కిళార్ పెరియపురాణంలో ఈ కథ చెప్పాడు. పదహారో శతాబ్దంలో ధూర్జటి శ్రీకాళహస్తీశ్వర మాహాత్మ్యంలో తెలుగున చెప్పాడు. కున్ఱత్తూరు చెన్నైకి ఆనుకున్న ఊరు. కథ జరిగింది పొత్తపినాటి బోయపల్లెకీ కాళహస్తి కొండకీ నడుమ. సేక్కిళార్ ఆ పల్లెను ఉడుప్పూర్ అంటాడు, ధూర్జటి ఉడుమూరు అంటాడు. తమిళం వాళ్ళదీ తెలుగు వాళ్ళదీ అని గీత గీయడానికి వీల్లేని కథ ఇది. మనలాగే రెండు భాషల నడుమ బతికిన కథ.

సేక్కిళార్ చెప్పిన తీరు చూడండి. తిన్నడు తొలివేటకు వెళతాడు. ఒక పంది వల తెంచుకుని పారిపోతుంది. తిన్నడూ, నాణుడూ, కాడుడూ అనే ఇద్దరు తోడుగాళ్ళూ దాన్ని చాలా దూరం తరుముతారు. తిన్నడు కత్తితో నరుకుతాడు. అప్పుడొస్తుంది అసలు చిక్కు. ఆకలవుతోంది, మిగిలిన దండు ఎక్కడో వెనకబడింది, నీళ్ళు లేవు. దగ్గర్లో పొన్ముగలి ఏరుందని నాణుడంటాడు. అదే మన స్వర్ణముఖి. సరే, పందిని తీసుకుని అక్కడికే పోదాం పదండని తిన్నడంటాడు. ముగ్గురూ పందిని ఏటి ఒడ్డుకు చేరుస్తారు. కాడుడు నిప్పు రాజేస్తాడు. తిన్నడు నాణుడితో కొండెక్కుతాడు. ఆ తరువాతది మీకందరికీ తెలిసిందే.

తెలిసిందే అయినా మోసేవాడి కళ్ళతో మళ్ళీ చూస్తే కొత్తగా ఉంటుంది. కొండ మీద దేవుడు ఒంటరిగా ఉన్నాడు. ఆయనకు తిండి పెట్టాలి. మాంసం కింద ఏటి ఒడ్డున ఉంది. తిన్నడు దిగివచ్చి, మాంసాన్ని బాణాలకు గుచ్చి కాల్చి, మెత్తగా ఉన్న ముక్కలేవో నమిలి చూసి, మంచివి ఏరి ఆకుదొప్పలో పెట్టుకున్నాడు. ఒక చేత దొప్ప. మరో చేత విల్లు. అడవిలో విల్లు వదలడం కుదరదు. దేవుడికి నీళ్ళు కావాలి, పూలు కావాలి. మూడో చెయ్యి లేదు. కాబట్టి నీళ్ళు నోట పట్టుకున్నాడు, పూలు తలలో తురుముకున్నాడు. పుక్కిటి నీళ్ళు, తలలో పెట్టిన పూలు, ఎంగిలి మాంసం అని పూజారి గోలపెట్టిన మూడు అపచారాల్లో రెండు కేవలం చేతులు చాలక జరిగినవి. భక్తి అని మనం వేల ఏళ్ళుగా చెప్పుకుంటున్నది, మొదట్లో, బరువు మోస్తున్న మనిషి పడ్డ అవస్థ. శంకరుల పేర ఉన్న శివానందలహరి కూడా ఈ వనచరుణ్ణే తలుచుకుంది, ఎంగిలిని మన్నించింది. చేతులు చాలని సంగతి మాత్రం ఎవరూ అడగలేదు.

ధూర్జటి ఇంకొక అడుగు ముందుకు వేశాడు. ఆయన తిన్నడు మాంసం కొండెక్కించడానికి ముందు అసలు దేవుణ్ణే కొండ దించాలని చూస్తాడు. ఈ పులులూ సింహాలూ తిరిగే చోట ఒక్కడివీ ఎందుకు, ఆకలేస్తే పెట్టేవాళ్ళెవరు, మా ఉడుమూరుకు రా అని బతిమాలతాడు. ఊళ్ళో ఏమేమి దొరుకుతాయో చెప్పి ఆశపెడతాడు. దేవుడు కదలడు. బోయవాడికి తెలిసిన దారి ఒక్కటే, అడవి నుంచి ఊరికి. దొరికినదేదైనా ఆ దారినే వెళ్ళాలి. దేవుడు ఆ దారిన రానన్నాడు గనక తిన్నడు తన దారినే మార్చుకున్నాడు. మాంసం ఊరికి పోవడం మానేసి కొండెక్కడం మొదలుపెట్టింది. తోడుగాళ్ళు వెనక్కు పోయి పెద్దవాళ్ళకు చెబితే పిల్లవాడికి పిచ్చి పట్టిందనుకున్నారు. వాళ్ళ వైపు నుంచి అది సబబే. ఊరికి రావలసిన పాలు రాలేదు కదా!

1954లో "కాళహస్తి మహాత్మ్యం", 1976లో "భక్త కన్నప్ప" చూసిన మన తరాలకు కళ్ళు పెరికిన ఘట్టమే గుర్తుంటుంది. మైలాపూరు అరవైమూవర్ ఉత్సవంలో కన్నప్ప ఊరేగుతున్నప్పుడు నాకు మాత్రం ఇప్పుడు ఆ దొప్పే గుర్తుకొస్తుంది.

ఊరికి రావలసిన పాలు అన్నాను. దాని విలువ విశాఖ మన్యంలో బాగా తెలుస్తుంది. అక్కడ చైత్రమాసంలో ఇటుకల పండగ చేస్తారు. విత్తనాలకు పూజ జరుగుతుంది, మగవాళ్ళంతా వేటకు కదులుతారు. ఉత్త చేతులతో తిరిగొచ్చిన మగవాడి మీద ఆడవాళ్ళు పేడనీళ్ళు చల్లి ఎగతాళి చేయడం పాత ఆచారం. ఏదో ఒకటి తెస్తే ఊరంతా పంచుకుంటారు. ఈ రోజుల్లో వేట పేరుకే మిగిలింది, పండగ మాత్రం నిలిచింది. అందులో నాకు కనిపించేది ఇది: వేటగాడి గొప్ప అడవిలో తేలదు, ఊరి పొలిమేర దగ్గర తేలుతుంది. ఎంత పెద్ద మృగాన్ని కొట్టానని చెప్పుకున్నా భుజాన లేనిది లెక్కలోకి రాదు. ఆ లెక్క చూసేది ఆడవాళ్ళు. నల్లమలలో చెంచుల మధ్య 1940లో ఉండి వచ్చి 1943లో పుస్తకం అచ్చువేసిన హైమండార్ఫ్ చెంచుల విల్లంబుల గురించి రాశాడు గాని, ఏడాది పొడుగునా వాళ్ళ కడుపు నింపేవి దుంపలూ పళ్ళేనని కూడా చూశాడు. పెద్ద మృగం ఎప్పుడో గాని దొరకదు. ఎప్పుడో గాని దొరకదు కాబట్టే దాన్ని మోసుకురావడం పండగ.

రాజుల సంగతి వేరు. విజయనగరం బజారును గురించి పోర్చుగీసు గుర్రాల వర్తకుడు నూనిజ్ 1535 ప్రాంతంలో రాసిన దాంట్లో ఒక విశేషముంది. అక్కడి రాజులు ఆవునూ ఎద్దునూ తప్ప గొర్రె, పంది, జింక, కుందేలు, కౌజు, పావురం వంటివెన్నో తింటారనీ, పిచ్చుకలూ ఎలుకలూ కూడా అంగట్లో దొరుకుతాయనీ రాశాడు. వేట జంతువులను మాత్రం బతికుండగానే అమ్మాలట, కొనేవాడికి తాను కొంటున్నదేమిటో తెలియాలి గనక. ఇదొక తెలివైన ఏర్పాటు. అడవిలో చంపి మోసుకొస్తే మాంసం ఏ మృగానిదో, ఎన్నాళ్ళదో నగరంలో ఎవరికి తెలుస్తుంది? ప్రాణంతో తెస్తే పాడయ్యే బెడద లేదు, మోసం చేసే వీలూ లేదు. అయితే బతికిన జింకను వలలో చుట్టి, గాయం కాకుండా ఆ మహానగరం దాకా చేర్చడం చచ్చిన దాన్ని మోయడం కంటే ఎన్ని రెట్లు కష్టమో ఊహించండి. ఆ పని చేసిన వాళ్ళ గురించి నూనిజ్ కూడా ఒక్క ముక్క రాయలేదు.

ఇక ఉప్పు. ఎండలో ఆరిన మాంసం వారాలు నిలుస్తుంది గాని, ఉప్పు పట్టిస్తే నెలలు నిలుస్తుంది. కొండల్లో ఉప్పు పుట్టదు. అది మా వైపు నుంచే పోవాలి. ఎన్నూరు, పులికాటు తీరాల ఉప్పును ఎద్దుల మీదా గాడిదల మీదా వేసుకుని లంబాడీలూ, ఉప్పు ఎరుకలవాళ్ళూ లోపలి ఊళ్ళకు పోయేవారు. తిరుగు ప్రయాణంలో ధాన్యమూ అడవి సరుకులూ తెచ్చేవారు. ఎరుకలవాళ్ళ పేరుకు ముందు "ఉప్పు" చేరిందంటే ఆ వృత్తి ఎంత పాతదో చూడండి. మాంసం అడవి దాటి రావడానికి ఉప్పు ముందు అడవి దాకా వెళ్ళాలి. కనుక మాంసం మోసినవాడి వెనక ఉప్పు మోసినవాడు కూడా ఉన్నాడు.

వాళ్ళకేమయింది? 1805లో కంపెనీ ప్రభుత్వం చెన్నపట్నం రాజ్యంలో ఉప్పును తన గుత్తకు తీసుకుంది. 1856లో మనకు దగ్గరి రాయపురం నుంచి దక్షిణ దేశంలో మొదటి రైలు కదిలింది. 1871 నాటికి పట్టాలు రాయచూరు చేరాయి. ఉప్పు బస్తాలు రైలెక్కాయి. ఎద్దుల మీద ఉప్పు మోసేవాళ్ళు దారుల మీద ఊరికే మిగిలిపోయారు. సరుకు లేకుండా దారిలో తిరిగేవాడు దొంగగా కనిపించడం దొరతనానికి మామూలే. 1871లోనే నేరస్థ జాతుల చట్టం వచ్చింది. 1911లో దాన్ని మార్చి మద్రాసు రాజధానికి కూడా తెచ్చారు. ఎరుకలవాళ్ళ పేరు ఆ పట్టీలోకెక్కింది. బాపట్ల దగ్గర స్టువర్టుపురం లాంటి సెటిల్మెంట్లలో వాళ్ళను పెట్టారు. దేశమంతటా ఆ చట్టం రద్దయింది 1952లో. ఉప్పు మోసినవాడికి చరిత్ర ఇచ్చిన బిరుదు అది. మోతగాణ్ణి గుర్తుపెట్టుకోకపోవడం ఒక అన్యాయం. ఈయనను గుర్తుపెట్టుకుని మరీ అన్యాయం చేశారు.

దొరల షికారు కాలంలో మాంసానికి మరో గతి పట్టింది. దొరకు కావలసింది కొమ్ములూ, తోలూ, పొడుగెంతో కొలిచే టేపూ. తల గోడకు పోయేది. మాంసంలో మంచి ముక్క డేరాకు పోగా మిగిలినది డప్పులు కొట్టి మృగాన్ని తరిమినవాళ్ళకూ, మోసినవాళ్ళకూ వదిలేవారు. ముస్లిం తోడుగాళ్ళయితే మృగం ప్రాణం పోకముందే పరుగెత్తి హలాల్ చేసేవారు, లేకపోతే వాళ్ళు తినడానికి వీల్లేదు. పడిన మృగం దగ్గరకు అందరికంటే ముందు పరుగెత్తేవాడు తుపాకి పట్టినవాడు కాడు, కత్తి పట్టిన ఈయనే. ఇదే కాలంలో వేటకు కంచెలు కూడా లేచాయి. 1879లో నీలగిరి వేట చట్టం, 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చాయి. తాతల నాటి నుంచీ వేటాడిన కొండ రిజర్వు అయింది. అనుమతి చీటీ ఉన్నవాడిది షికారు, లేనివాడిది దొంగతనం. మృగం అదే, దారి అదే, భుజం అదే.

మా కాలువ కథ కూడా ఇక్కడే చెప్పుకోవాలి. 1806లో కొక్రేన్ కాలువగా మొదలై, 1877–78 కరువు పనుల్లో పొడిగించబడి, బకింగ్‌హాం ప్రభువు పేరు పెట్టుకున్న ఈ నీటిదారిన శ్రీహరికోట కట్టెలు పడవల మీద పట్నానికి వచ్చేవి. చెన్నపట్నం పొయ్యిలు మండటానికే ప్రభుత్వం ఆ దీవి అడవిని తన చేతిలో పెట్టుకుంది. ఆ దీవిలో ఉన్నవాళ్ళు యానాదులు. వాళ్ళది పెద్ద మృగాల వేట కాదు. ఎలుక, ఉడుము, తాబేలు, చేప. ఒక బుట్టలో పట్టేది, ఒక మనిషి తెచ్చుకోగలిగింది. వాళ్ళ అడవి కట్టెలు మాత్రం మన ఊరి పక్కగా వెళ్ళి ఎవరి వంటకో మండాయి. 1969లో ఆ దీవిని రాకెట్ల కేంద్రానికి ఎంచుకున్నారు. యానాదులు సరస్సు చుట్టుపక్కల పల్లెలకు చెదిరారు. 1965, 1966, 1976 తుపానులకు దెబ్బతిన్న కాలువలో పడవలూ ఆగిపోయాయి. ఇప్పుడు మనలి పక్కన అందులో పారేది ఏమిటో మీకు నేను చెప్పనక్కరలేదు, వంతెన మీద నిలబడితే ముక్కే చెబుతుంది.

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. 1991 సవరణతో చీటీ తీసుకుని ఆడే షికారు కూడా పోయింది. ఇది రావలసిన చట్టమే. అప్పటికే మృగాలు కరిగిపోయాయి. ఇవాళ పట్నాలలోని రుచిమరిగిన వాళ్ళ కోసం రాత్రిపూట జీపుల్లో జరిగే వేటను ఎవరూ వెనకేసుకురాకూడదు. అయితే ఈ చట్టంలో ఒక సూక్ష్మముంది. చంపినవాడే కాదు, మాంసం దగ్గర ఉంచుకున్నవాడూ, తరలించినవాడూ నేరస్థులే. తరలించిన బండి పట్టుబడితే అది సర్కారు సొత్తు. కావ్యాలు చూడని మోతగాణ్ణి చట్టం చూసింది! వేటలో సగం మోయడమేనని మొదటిసారి ఒప్పుకున్నది పోలీసు భాష. అమెరికాలోని అలాస్కా రాష్ట్రంలో ఇది తలకిందులుగా ఉంటుంది. అక్కడ అనుమతితో వేటాడినవాడు తినదగిన మాంసాన్ని అడవిలో వదిలేసి కొమ్ములు మాత్రం తెచ్చుకుంటే నేరం. వీపున మోసుకుని ఎన్ని సార్లు తిరగవలసి వచ్చినా సరే, మాంసం బయటికి తేవలసిందే. ఒకచోట తెస్తే తప్పు, ఒకచోట తేకుంటే తప్పు. రెండు చోట్లా ఒప్పుకున్న సత్యం ఒక్కటే. చంపడంతో పని అయిపోదు.

ఇంతకీ ఈ పాత సంగతులన్నీ ఇప్పుడెందుకంటారా? విశాఖ మన్యంలో దారి లేని గూడేల నుంచి నిండు గర్భిణులనూ జబ్బుపడినవాళ్ళనూ డోలీ కట్టి కొండ దింపే వార్తలు మనం చదువుతూనే ఉన్నాం. ఒక కర్ర, దానికి కట్టిన గుడ్డ, ముందొకరు వెనకొకరు. పందిని మోసిన కట్టు అదే, నడక అదే. కొండ మీది నుంచి బరువు దించడం ఆ మనుషులకు తరతరాలుగా వచ్చిన విద్య. అడవి పోయింది, వేట పోయింది, మోత మాత్రం వాళ్ళ భుజాల మీద మిగిలింది. రోడ్డు వేయవలసినవాళ్ళం మనం. మోస్తున్నది వాళ్ళు. ఫొటో చూసి అయ్యో అని పేజీ తిప్పుతాం. పెరియపురాణంలో పందిని ఏటికి చేర్చిన నాణుణ్ణీ కాడుణ్ణీ మరిచిపోయినట్టే ఈ ఇద్దరినీ మరిచిపోతాం.

పాఠకులకు ఒక మనవి. పొన్నేరి, గుమ్మిడిపూండి, తిరుత్తణి, హొసూరు, ఎక్కడున్నా సరే, మన ఇళ్ళలో పెద్దవాళ్ళ దగ్గర ఈ మోత మాటలు ఇంకా కొన్ని ఉన్నాయి. కావడిబద్ద, ఉట్టి, చుట్టకుదురు, మోపు, ఉప్పుకండం. 2006 చట్టం తరువాత ఇక్కడి బడుల్లో మన పిల్లలకు తెలుగు ఎంత దూరమయిందో మీకు తెలుసు. ఈ మాటలు పుస్తకాల్లో వెతికితే కొన్ని దొరకవు. అడిగి రాసిపెట్టండి. ఏ మాటను ఏ పనికి వాడేవారో, ఎవరు మోసేవారో, ఎవరికి ఎంత పాలు వచ్చేదో అది కూడా రాయండి. బాణం వేసినవాడి పేరు ఎలాగూ ఎవరో ఒకరు రాస్తారు.

ఈ ఆదివారం మాంసం సంచీ పట్టుకుని ఇంటికి నడుస్తూ ఆ సామెతను ఇంకోసారి అనుకున్నాను. చంపినవాడు కొట్లో ఉన్నాడు, తినేవాళ్ళు ఇంట్లో ఉన్నారు. నా చేతిలో ఉన్నది కిలో బరువు, నడవవలసింది రెండు వీధులు. అయినా దారిలో ఒకసారి చెయ్యి మార్చుకున్నాను.